లెక్కకు రాని ఇరవై మూడు రోజులు

మా మేడ మీద వాటా ఖాళీగా ఉందని తెలిసి, యూనివర్సిటీలో పనిచేసే నా పాత మిత్రుడు ఫోన్ చేశాడు. సముద్ర జీవుల గురించి చదవడానికి తూర్పు ఆఫ్రికా నుంచి ఒకమ్మాయి వచ్చిందట. హాస్టల్‌కి మరమ్మతులట. గెస్ట్ హౌస్‌లో మూడు రోజులకి మించి ఉంచరట. అప్పటికే మూడిళ్ళు తిరిగారు. మొదటి ఇంట్లో "మేం నీచు తినమండీ" అన్నారు. రెండో ఇంట్లో "నిన్ననే వేరేవాళ్ళకి ఇచ్చేశాం" అన్నారు. గేటుకి టూలెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. మూడో ఇంటాయన మాత్రం మనసులో మాట దాచుకోలేదు. "పిల్లలు జడుసుకుంటారండీ" అన్నాడు. ఆయన కూతురు పరాయి దేశంలో చదువుతోంది. అక్కడ తన రంగు చూసి ఇల్లివ్వలేదని ఆ పిల్ల ఏడిస్తే, ఆ దేశాన్నంతటినీ పార్కు బెంచీ మీద కూర్చుని కడిగేసినవాడు ఈయనే.

నేను ఇస్తానన్నాను. అందులో గొప్పేమీ లేదు. మా ఇల్లు వన్ టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర. తెల్లారకముందే బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి అక్కడుండి, ఏ బోటు ఏ జాతి చేపని ఎంత పొడవుది తెచ్చిందో కొలిచి రాసుకోవడం ఆమె చదువులో భాగం. ఆమెకి ఇల్లు కావాలి, నాకు అద్దెకుండే మనిషి కావాలి. మా ఇద్దరి మధ్యా ప్రభుత్వం అనే మూడో మనిషి కూర్చుంటుందని అప్పటికి నాకు తోచలేదు.

ఒక సూట్‌కేసు, చేపలు కొలిచే ఒక చెక్క పలకతో ఆమె మా ఇంటి ముందు ఆటో దిగిన రోజు ఆషాఢ మాసం మధ్యలో ఉంది. ఈ సంగతి నాకు తెలియదు. మా అక్కకి తెలుసు. ఇంట్లో మేమిద్దరమే, అక్కా తమ్ముడూ. గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారం ఉద్యోగానికి నేనొస్తే, బడిపంతులమ్మగా బదిలీ చేయించుకుని ఆమె వచ్చింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పి జీతం తీసుకున్న మనిషి.

"ఒరేయ్, ఆషాఢం వెళ్ళలేదు. కొత్తింట్లో ఎవరూ చేరకూడదు" అంది.

"అయితే ఈ పిల్లని శ్రావణం దాకా బీచిలో పడుకోమందామా?"

"నేనట్టా అన్నానా? ఉండనీ. ఉండటం వేరు, చేరటం వేరు. మంచిరోజు చూసి చేరుతుందిలే."

ఈ సిద్ధాంతానికి నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే తర్వాత మా మెడకి చుట్టుకుంది.

విదేశీయులు ఇంట్లో దిగితే ఒక్క రోజులోగా ఇంటి యజమాని పోలీసులకి కంప్యూటర్లో తెలపాలి. ఆ సాయంత్రమే కూర్చున్నాను. ఆ దరఖాస్తు తయారుచేసినవాడికి మనుషులు హోటళ్ళలో తప్ప ఇళ్ళలో ఉండరని గట్టి నమ్మకం. ఇక్కడి నుంచి ఎక్కడికి వెళుతుంది అని ఒక గడి. ఎక్కడికీ వెళ్ళదని ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. ఇక్కడే ఉంటుందని రాస్తే ఎర్రగా మెరుస్తుంది. చివరికి విశాఖపట్నం నుంచి విశాఖపట్నానికి వెళుతుందని రాశాను. వెంటనే ఒప్పుకుంది. అబద్ధం ఒక్కటి కలిపితే గాని నిజాన్ని మింగలేని యంత్రం అది. అయినా తారీఖు మాత్రం నిజమైనదే వేశాను, ఆమె ఆటో దిగిన తారీఖు.

ఆమె మాకు ఒక ఉత్తరం చూపించింది. వాళ్ళ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద వచ్చింది. ఇక్కడ ఉండటానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం నకలు, దీపావళి తర్వాత వచ్చే శుక్రవారంలోగా వాళ్ళకి అందాలి. అందకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, తిరుగు టికెట్టు పంపుతారు. రెండోసారి ఇవ్వరు. "చాలా టైముంది" అన్నాను నేను, మన ఆఫీసులు తెలిసి కూడా.

అనుమతి కావాలంటే అద్దె ఒప్పందం కావాలి. పాత పోస్టాఫీసు దగ్గర అరుగు మీద టైపు మిషను పెట్టుకున్న దస్తావేజుల రాతగాడి దగ్గరికి వెళ్ళాను. మా సందులో సగం ఇళ్ళ కాగితాలు ఆయన రాసినవే. స్టాంపు కాగితం మిషనులో దూర్చి, గోడకున్న కేలండరు వైపు చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఆషాడంలో అగ్రిమెంటేటండీ బాబూ! సావనం రానీండి."

"నాకు అలాంటి పట్టింపుల్లేవు. ఈరోజు తారీఖే వెయ్యండి."

"మీకు నేకపోతే నాకున్నాది కదా! నా సేత్తో ఆషాడంలో ఇల్లు కాయితం రాత్తే రేపు గొడవొత్తే నన్నే అంతారు. ముప్పయ్యేళ్ళుగా రాత్తన్నాను. ఆషాడంలో వచ్చినోళ్ళకి సావనం తారీకే యేత్తన్నాను. ఒక్కరంటే ఒక్కరు తిరిగొచ్చి అడగనేదు. ఇయ్యాలే రాసేత్తాను, తారీకు మాత్రం ముందుకేత్తాను. మీ పని మీకవుద్ది, నా పని నాకవుద్ది."

ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఆషాఢంలో ఇల్లు మారినవాళ్ళంతా కాగితాల మీద శ్రావణంలోనే మారారన్నమాట. పంచాంగానికి భయపడి దస్తావేజుల్లో అబద్ధం రాసే దేశం మనది. దస్తావేజుకి భయపడి పంచాంగాన్ని దిద్దినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

కుర్రతనంలో గ్రంథాలయం హాల్లో ముహూర్తాల మీద వాదనకి దిగి పెద్ద పెద్దవాళ్ళ నోరు మూయించినవాణ్ణి. ఆ అరుగు మీద మాత్రం ఎండగా ఉంది. ఇంటికెళితే అక్క కూడా ఇదే అంటుంది. ఒక్క తారీఖు కోసం ఇంత రభస దేనికి, ఏం పోతుంది అనుకున్నాను. ఆమె ఆటో దిగిన రోజుకి ఇరవై మూడు రోజుల తర్వాతి తారీఖు వేశాడు. కింద నేను సంతకం పెట్టాను.

శ్రావణంలో ఆ మంచిరోజు రానే వచ్చింది. అప్పటికి ఆ అమ్మాయి మేడ మీద కాపురముంటూ, పోర్టు నుంచి గాలికొచ్చే నల్లటి దుమ్మును రోజుకి రెండుసార్లు తుడవడం కూడా నేర్చేసింది. అక్క ఆమెని సూట్‌కేసుతో సహా కిందికి దింపి, మళ్ళీ కుడికాలు పెట్టి మెట్లెక్కించి, పాలు పొంగించింది. "ఇప్పుడు చేరావు" అంది తెలుగులో. హార్బర్లో చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకున్న ఆ అమ్మాయి "మరి నిన్నటిదాకా ఏటి?" అని అడిగింది. అక్క పడీపడీ నవ్వింది.

విదేశీయుల వ్యవహారాలు చూసే ఆఫీసులో అనుమతికి దరఖాస్తు పెట్టాం. మొదట ఫోటో తిప్పికొట్టారు, పాస్‌పోర్టులో మనిషికీ ఈ ఫోటోలో మనిషికీ పోలిక లేదని. చూస్తే నిజమే. మా వీధి చివర స్టూడియో ఆయన పెళ్ళికూతుళ్ళకి చేసే మర్యాదే ఈమెకీ చేశాడు. అడక్కుండానే ముఖం తెల్లగా దిద్దేశాడు. నిలదీస్తే, "బాగుంటాదని సేసాను సార్, ఫ్రీగా!" అని నొచ్చుకున్నాడు. ఒక మనిషిని ఆమె ముఖం నుంచే తప్పించి, అది ఉపకారమనుకున్నాడు. మళ్ళీ తీయించాం. ఈసారి దగ్గరే నిలబడి, కంప్యూటరు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

తర్వాత విచారణకి కానిస్టేబుల్ వచ్చాడు. నేను పాలకి వెళ్ళిన సమయం చూసి వచ్చాడు. మంచివాడే, టీ తాగాడు, మా పెరట్లో కరివేపాకు అడిగి కోసుకున్నాడు. నేను గేటు తీసేసరికి పని అయిపోయింది.

"ఏటమ్మా, ఈ పాప మీ ఇంట్లో ఎప్పుడు సేరినాదో సెప్పండి, రాసుకుంతాను" అని అడిగాడట.

"శ్రావణంలో చేరింది నాయనా" అని మా అక్క నిజం చెప్పింది, తన లెక్కలో నిజం. ఆయన రాసుకున్నాడు. ఆమె సంతకం కూడా తీసుకున్నాడు.

ఇక చూడండి. ఒప్పందం శ్రావణం అంటోంది. ఇంటి పెద్ద వాంగ్మూలం శ్రావణం అంటోంది. ఆషాఢం అంటున్నది మొదటి రోజు నేను కంప్యూటర్లో పంపిన దరఖాస్తు ఒక్కటే. మొత్తం దస్త్రంలో నిజమైన తారీఖు అదొక్కటి కాబట్టి అదే తప్పుడు తారీఖు అయింది.

ఆ ఆఫీసులో మా దస్త్రం చూసే గుమాస్తా రోజూ ఎలమంచిలి నుంచి రైల్లో వచ్చి, నాలుగు కొట్టేసరికి రైలు కోసం లేచిపోయే మనిషి. ఆ మొదటి దరఖాస్తునీ ఒప్పందాన్నీ పక్కపక్కన పెట్టి, వాటి మధ్య ఖాళీలో పెన్నుతో కొట్టాడు.

"ఈ ఇరవై మూడు రోజులూ ఈ అమ్మాయి ఎక్కడుంది?"

"మా ఇంట్లో."

"మీ ఇంట్లో ఉన్నట్టు అగ్రిమెంట్ లేదు కదా!"

"అగ్రిమెంట్ లేకపోయినా మనిషి ఉంటుంది కదండీ. మీరు రైల్లో ఉన్నప్పుడు మీరున్నట్టు ఏ కాగితం చెబుతుంది?"

"టికెట్టు" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా. ఆ దెబ్బ నాకు తగిలిందని ఒప్పుకుంటాను.

ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. ఆ ఇరవై మూడు రోజులూ ఎక్కడుందో లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి. ఆమెని ఒక్కసారి కూడా అడగలేదు. ఆఫీసు బయట చెట్టు కింద కాగితాలు నింపిపెట్టే ఒకాయన మా గొడవ విని సలహా ఇచ్చాడు. "లాడ్జి బిల్లొకటి తెచ్చీండి సార్. ఇరవై మూడు రోజులు లాడ్జిలో ఉన్నాదని రాసీండి. ఐపోద్ది. నాను తెప్పిత్తాను." అంటే ఆ దస్త్రంలోకి అబద్ధం మధ్యాహ్నానికల్లా నడిచి వెళ్ళగలదు. నిజానికి మాత్రం గుమ్మం దగ్గర ఆధారాలడుగుతారు. నేను ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి కూడా ఒప్పుకోలేదు. "నేను లాడ్జిలో లేను. అక్క దగ్గర అన్నం తిన్నాను" అంది.

దీపావళి వెళ్ళిపోయింది. శుక్రవారానికి నాలుగు రోజులుంది. ఆమె పొద్దున్నే హార్బర్‌కి వెళ్ళడం మానలేదు గాని, కొలిచిన లెక్కలన్నీ ఇంకో విద్యార్థికి అప్పగించడానికి వీలుగా శుభ్రంగా మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. మేడ మెట్ల మీద కూర్చుని రాస్తూ కనిపించింది. ఏం రాస్తున్నావని అడిగి, జవాబు విన్నాక, నేను కిందికొచ్చి కాగితాలు ముందేసుకున్నాను.

రెండు పేజీల విజ్ఞాపన తయారుచేశాను. నా జీవితంలో అంత పకడ్బందీగా ఏ వాదనా రాయలేదు. నివాసమంటే ఏమిటి, ఒప్పందమంటే ఏమిటి, ఒకటి లేకుండా ఇంకొకటి ఎలా ఉండగలదు. యూనివర్సిటీలో ఆమె హాజరు పట్టీ, హార్బర్ గేటు దగ్గర రోజూ పెట్టిన సంతకాల నకళ్ళు జతచేశాను. గురువారం ముగ్గురం వెళ్ళాం. వాంగ్మూలం ఇచ్చిన మనిషి కూడా రావాలన్నారు కాబట్టి అక్క కూడా వచ్చింది, జరీ అంచు చీర కట్టుకుని, టిఫిన్ డబ్బాతో.

గుమాస్తా రెండు పేజీలూ తూచినట్టు చేత్తో పట్టుకుని, "ఇది చాలా పెద్దగా ఉందండీ" అని లోపల పై అధికారి దగ్గరికి పంపాడు. ఆవిడ నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని చదివింది. మొదటి పేజీ అయ్యాక రెండో పేజీ తిప్పి, వెనక ఏమైనా ఉందేమో చూసింది.

"మాస్టారూ, ఇదంతా సరే. నాకు అర్థం కానిది ఒక్కటే. అమ్మాయి ముందే వస్తే అగ్రిమెంట్ అంత ఆలస్యంగా ఎందుకు చేసుకున్నారు?"

నేను గొంతు సవరించుకున్నాను. ఒప్పంద స్వేచ్ఛ గురించి రెండో పేరాలో రాశాను, అక్కడి నుంచి మొదలుపెడదామనుకున్నాను.

"ఆషాఢం కదమ్మా" అంది అక్క.

అధికారి కళ్ళజోడు కిందికి దింపింది. అక్క వైపు చూసింది, కేలండరు వైపు చూసింది, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది.

"అయ్యో, ఆషాఢమా! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ! మా అత్తగారు మమ్మల్ని కొత్త ఫ్లాటులోకి నెల రోజులు వెళ్ళనివ్వలేదు. సామానంతా అక్కడ, మేమిక్కడ."

"ఈ పిల్ల ఉంది గాని చేరలేదమ్మా" అని అక్క విడమర్చింది.

"అదే కదా! ఉంది, చేరలేదు. కరెక్టే." గుమాస్తాని పిలిచింది. "ఇదేంటండీ, ఇన్ని రోజులు ఆపారు? ఆషాఢమట."

"ఓహో" అన్నాడు ఎలమంచిలి ఆయన. నన్ను మొదటిసారి జాలిగా చూశాడు. "మరి సార్ ఆ మాటే చెప్పలేదు మేడం. ఏదేదో లా చెప్పారు."

పాస్‌పోర్టు మీద ముద్రని నమ్మలేదు. యూనివర్సిటీ హాజరుని నమ్మలేదు. నిలువెత్తు మనిషిని నమ్మలేదు. ఒక చాంద్రమానపు నెల పేరు చెప్పగానే గదిలో ముగ్గురూ ఒకరికొకరు చుట్టాలైపోయారు. ఆ కుర్చీల్లో కూర్చోవడానికి వీళ్ళు ఎన్నెన్ని పోటీ పరీక్షలు రాసి ఉంటారో!

అధికారి ఒక తెల్ల కాగితం నా వైపు జరిపింది. "ఒక్క లైను రాసివ్వండి. ఆషాఢ మాసం కారణంగా అద్దె ఒప్పందం శ్రావణంలో చేసుకున్నాం అని. సంతకం పెట్టండి. రేపు పొద్దున్నకల్లా అప్రూవ్ చేసేస్తాను."

"మా అక్కగారి నమ్మకం ప్రకారం అని రాస్తాను."

"ఓనర్ మీరు. అగ్రిమెంట్ మీద సంతకం మీది. అక్కగారిది కాదు."

"నేను ఆషాఢాన్ని నమ్మనండీ."

"నమ్ముతారా అని అడగలేదు మాస్టారూ. తారీఖు ఆషాఢం వల్ల మారిందా, లేదా?"

ఆ గదిలో, ఆ కొన్ని నెలల్లో, నన్ను అడిగిన ఒకే ఒక్క సరైన ప్రశ్న అది. నా రెండు పేజీల్లో ప్రతి వాక్యమూ సరైనదే, ఒక్కటీ అసలు కారణం కాదు. ఒప్పంద స్వేచ్ఛ వల్ల ఆ తారీఖు మారలేదు. ఎండలో అరుగు మీద నిలబడి, ఏం పోతుందిలే అని నేను తలవంచడం వల్ల మారింది. దస్త్రంలో ఆషాఢాన్ని దాచినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళంతా దాన్ని బాహాటంగా నమ్ముతున్నారు.

ఆ అమ్మాయి నా వైపు చూడటం లేదు. బల్ల మీద తెల్ల కాగితాన్ని చూస్తోంది. అక్క పెన్ను మూత తీసి నా చేతికిచ్చింది. గెలిచినప్పుడు ఏమీ అనకపోవడం మా అక్కకి పుట్టుకతో వచ్చిన విద్య.

రాశాను. సంతకం పెట్టాను. గుమాస్తా నా రెండు పేజీల విజ్ఞాపన పిన్ను తీసి నాకు వెనక్కిచ్చేసి, ఆ ఒక్క లైనును దస్త్రంలో కుట్టాడు.

శుక్రవారం పదకొండు గంటలకి అనుమతి పత్రం వచ్చింది. పన్నెండు లోపల నకలు వాళ్ళ దేశానికి వెళ్ళింది. అక్క పులస లేని కాలంలో దొరికే చేపలతోనే పులుసు పెట్టింది, చేపలు హార్బర్ నుంచి ఆ అమ్మాయే తెచ్చింది. నీచు తినమన్న ఆ మొదటి ఇంటివాళ్ళు మా పక్కింట్లో ఉండుంటే వాసనకే పోలీసులకి ఫోన్ చేసేవాళ్ళు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటూ ఆ అమ్మాయి నన్నడిగింది. సగం ఇంగ్లీషు, సగం హార్బర్ తెలుగు. "సార్, నిన్న కాయితం మీద సంతకం నా కోసం పెట్టారు. నాకు తెలుసు. కానీ మొదట అగ్రిమెంట్ మీద, ఆ తప్పు తారీఖు కింద పెట్టారు కదా, అప్పుడు నా పని ఏదీ ఆగలేదు. మీరు నమ్మరు కూడా. మరి అది ఎందుకు పెట్టారు?"

అక్క కుళాయి కట్టేసి నా జవాబు కోసం చూసింది.

ఎండగా ఉందని చెప్పాను.

"ఏటి?" అంది ఆ అమ్మాయి.